బీఎంఎస్ (బిల్డింగ్ ఏసీ లాంటివి కంట్రోల్ చేసే సిస్టమ్) సర్వర్ నుంచి రాత్రిపూట ఎవరో సెట్‌పాయింట్ మార్చేస్తున్నారు, హెల్ప్ చేయండి

మా ఆఫీస్ బిల్డింగ్‌లో రోజూ రాత్రి 2:10 ప్రాంతంలో నాలుగో ఫ్లోర్ ఏహెచ్‌యూ (చల్లగాలి పంపే ఏసీ యూనిట్) సెట్‌పాయింట్, అంటే సెట్ చేసిన టెంపరేచర్, 24 నుంచి 18కి పడిపోతోంది, కంట్రోలర్‌లో చూస్తే ప్రయారిటీ 8 మీద రాసి ఉంది, అంటే మాన్యువల్ ఓవర్‌రైడ్, కానీ ఆ టైంలో ఎవరూ ఉండరు, ఆడిట్ లాగ్‌లో లాగిన్ కూడా లేదు. ఫైర్‌వాల్‌లో బ్యాక్‌నెట్ (బిల్డింగ్ కంట్రోలర్లు మాట్లాడుకునే ప్రోటోకాల్) వాడే యూడీపీ 47808 పోర్ట్‌ని బయటి నుంచి బ్లాక్ చేశాం, పాస్‌వర్డ్‌లు మార్చాం, వెండర్ రిమోట్ టూల్ తీసేశాం, షెడ్యూల్స్ అన్నీ వెతికాం, అయినా ఆగట్లేదు. మామూలు బ్యాక్‌నెట్ ఐపీలో రాసేది ఎవరో చెక్ చేయదు కదా, అదే భయంగా ఉంది. వైర్‌షార్క్ (నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టి చూస్తే రైట్‌ప్రాపర్టీ (విలువ మార్చే బ్యాక్‌నెట్ కమాండ్) ప్యాకెట్ మా బీఎంఎస్ సర్వర్ ఐపీ నుంచే వస్తోంది, మ్యాక్ అడ్రస్ కూడా దానిదే (విండోస్ సర్వర్ 2019). సర్వర్ ఆపకుండా ఆ ప్యాకెట్ ఏ ప్రాసెస్ పంపుతోందో పట్టుకోవడం ఎలా?