హువాషాన్ చీలిక: తప్పు చీ వర్గానిదా, కత్తి వర్గానిదా?

నల్లమల:
హాంకాంగ్ రచయిత జిన్ యోంగ్ రాసిన కత్తియుద్ధాల నవల ‘ది స్మైలింగ్, ప్రౌడ్ వాండరర్’ రెండోసారి పూర్తి చేశాను. చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. చైనాలోని హువాషాన్ కొండ మీద ఉన్నది ఒకటే యుద్ధవిద్య శాఖ. అందులో కొందరు ముందు చీ, అంటే లోపలి శక్తి సాధించాలి, కత్తి దానంతటదే దారికొస్తుంది అంటారు. మిగతావాళ్లకు కత్తే ముఖ్యం. మాటా మాటా పెరిగి ఒకరినొకరు నరుక్కుంటారు. చీ వర్గం గెలిచి కొండ దక్కించుకుంటుంది.

నా మటుకు నాకు చీ వర్గం చెప్పిందే సబబు. గురువు యుయె బుచున్ శిష్యులకు లెక్క చెప్తాడు గదా: పదేళ్ల సాధనకి కత్తివాడిదే పైచేయి, ఇరవై ఏళ్లకి సరిసమానం, ముప్పై ఏళ్లకి చీ సాధించినవాణ్ణి కత్తివాడు అందుకోలేడు. ఆయన తర్వాత ఎంత దుర్మార్గుడని తేలినా ఈ మాట మాత్రం నిజం. మా ఊళ్లో కర్రసాము నేర్పిన తాత నాకు మూణ్ణెల్లు కర్రే ఇవ్వలేదు. పొద్దున్నే చెరువుగట్టు మీద మోకాళ్లు వంచి నిలబెట్టేవాడు. పిక్కలు వణికి ఏడుపొచ్చేది. కర్ర చేతికొచ్చాకే తెలిసింది, దెబ్బకు బలం నేలలోంచి వస్తుందని.

రాత్రిచదువు:
అన్నా, ఆ లెక్క చెప్పిందెవరు? గెలిచిన వర్గంవాడు. ఓడినవాళ్ల లెక్క మనదాకా రానే లేదు. ఆ గెలుపైనా తిన్నగా వచ్చిందా? కత్తి వర్గంలో అందరికన్నా మిన్న ఫెంగ్ చింగ్‌యాంగ్. రెండు వర్గాలూ తేల్చుకున్న పోరు నాడు ఆయన కొండ మీద లేకుండా మోసం చేసి తప్పించారు.

పాడుబడ్డ గుడి దగ్గర రాత్రి గుర్తు చేసుకోండి. కథానాయకుడు, యుయె బుచున్ శిష్యుడు లింగ్‌హు చోంగ్‌కి ఒంట్లో చీ అంతా చెదిరిపోయింది, నిలబడే ఓపిక లేదు. ముసుగులేసుకున్న పదిహేను మంది చుట్టుముట్టారు. ఫెంగ్ నేర్పిన ఒక్క ఎత్తుతో పదిహేను మంది కళ్లూ పోయాయి. ముప్పై ఏళ్లు సాధన చెయ్యాలంటే ముందు ప్రాణం మిగలాలి గదా.

నల్లమల:
హీరో కాబట్టి చెల్లింది. మరి చెంగ్ బుయోవ్? కత్తి వర్గం తరఫున కొండ మాదని వచ్చినవాడు, చీపురు పట్టుకున్న జబ్బు కుర్రాణ్ణి కత్తితో గెలవలేకపోయాడు.

రాత్రిచదువు:
గెలవలేక ఏం చేశాడు? చేత్తో ఛాతీ మీద కొట్టాడు. అంటే చీ బలం మీదే ఆధారపడ్డాడు. చీపురు పట్టిన లింగ్‌హు చోంగ్ చూపించిందేమో అచ్చమైన కత్తి విద్య. మీ సాక్షి నా తరఫున మాట్లాడుతున్నాడు అన్నా!

శ్రుతిలయ:
ఇద్దరూ యుయె బుచున్ కూతురు యుయె లింగ్‌షాన్‌ని మర్చిపోయారు. నాన్న ఆ పాఠం చెప్తున్నప్పుడే ఆ పిల్ల అడుగుతుంది, రెండూ ముఖ్యమే అనుకోకూడదా అని. ఆయన మండిపడతాడు. ముప్పై ఏళ్ల కిందట ఈ మాట అనుంటే పూట తిరక్కుండా నీ తల తెగిపడేది అంటాడు. ఎందుకంటే రెండు వర్గాలకూ అది ద్రోహమే. నేను సంగీతం చెప్పుకునేదాన్ని. శ్రుతి తల్లి, లయ తండ్రి అని మొదటి రోజే పిల్లలకు చెప్తాం. తల్లీతండ్రుల్లో ఒకరిని ఎంచుకోమని ఏ గురువూ అడగడు.

అసలు చీలిక మూలం చూడండి. యుయె సు, చాయ్ జిఫెంగ్ అనే ఇద్దరు ఒక రహస్య గ్రంథాన్ని దొంగతనంగా చెరో సగం చదివారు. తిరిగొచ్చి కలిపి చూసుకుంటే పొసగలేదు. నువ్వు తప్పంటే నువ్వు తప్పన్నారు. ఒకరి నుంచి చీ వర్గం, ఇంకొకరి నుంచి కత్తి వర్గం. పూర్తి పుస్తకం ఇద్దరిలో ఎవరూ చదవలేదు!

ఈ నవల 1967 నుంచి 1969 దాకా హాంకాంగ్‌లో జిన్ యోంగ్ సొంత పత్రిక మింగ్ పావ్‌లో సీరియల్‌గా వచ్చింది. అవతల చైనాలో సాంస్కృతిక విప్లవం, రోజూ దాని మీదే ఆయన సంపాదకీయాలు. పాత్రలను రాజకీయ నాయకులుగానే ఊహించానని నవల చివరి మాటలో ఆయనే రాశాడు. అప్పట్లో సైగాన్‌లో 21 పత్రికలు దీన్ని ఒకేసారి వేశాయట. దక్షిణ వియత్నాం పార్లమెంటులో సభ్యులు ఒకరినొకరు ‘నువ్వొక యుయె బుచున్’, అంటే పెద్దమనిషి వేషం వేసిన కపటివి అని తిట్టుకునేవారట. అందుకే నాకిది కొండ ఎవరిదన్న తగాదాగానే కనిపిస్తుంది. చీ, కత్తి దానికి దొరికిన సాకులు.

నల్లమల గారూ, ఒక్కటి అడుగుతాను. కర్ర ఇచ్చాక మీ తాత మోకాళ్లు వంచి నిలబెట్టడం మానేశారా?

నల్లమల:
లేదండీ. కర్ర పట్టుకుని నిలబడమన్నాడు.