షుగర్ తిమ్మిర్లకు లిపోయిక్ యాసిడ్: గోలీలో 100 మి.గ్రా., పరిశోధనల్లో 600. ఏది లెక్క?

ప్రశ్న: ఫార్మసీ కౌంటర్, హన్మకొండ

షుగరున్నోళ్లకు అరికాళ్ల మంటలు, తిమ్మిర్లని రాసే గోలీల్లో చానా వాటిల మిథైల్‌కోబాలమిన్ (బీ12 విటమిన్ రూపం) 1500 మైక్రోగ్రాములు, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ 100 మి.గ్రా., ఫోలిక్ యాసిడ్, బీ6 కలిసే వస్తున్నయి. పుస్తకంలనేమో లిపోయిక్ యాసిడ్‌ను ఒళ్లే తయారు చేసుకుంటదని ఉన్నది. మరి బయటనుంచి ఎందుకియ్యాలె? 100 మి.గ్రా.తోని నరాలకు ఫాయిదా ఉంటదా? ఎప్పుడు ఏసుకొమ్మని చెప్పాలె, ఎవరిని ఆపాలె? నర్సంపేట, పరకాల దిక్కునుంచి వచ్చే పెద్దమనుషులు గివే అడుగుతరు. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

జవాబు 1: బయోకెమిస్ట్రీ లెక్చరర్

మీ మొదటి ప్రశ్న చాలా సరైనది. ఒంట్లో ఉండే లిపోయిక్ యాసిడ్ వేరు, గోలీగా మింగేది చేసే పని వేరు. ఈ రెండూ కలిపేయడం వల్లే గందరగోళం.

కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో ఎనిమిది కార్బన్ల ఆక్టనోయిక్ యాసిడ్ నుంచి ఇది తయారవుతుంది. లిప్ట్2 ఎంజైము ఆ గొలుసును గ్లైసిన్ క్లీవేజ్ (గ్లైసిన్‌ను విడగొట్టే) వ్యవస్థలోని హెచ్ ప్రోటీన్‌కు అతికిస్తుంది. లియాస్ అనే ఇంకో ఎంజైము తన ఇనుము-గంధకం గుచ్ఛాల సాయంతో 6, 8 కార్బన్ల దగ్గర రెండు గంధకం పరమాణువులు చేరుస్తుంది. మూడో ఎంజైము లిప్ట్1 దాన్ని అక్కడినుంచి, ఆహారం నుంచి శక్తి తీసే పైరువేట్, ఆల్ఫా కీటోగ్లూటరేట్ డీహైడ్రోజనేజ్‌ల ఈ2 భాగానికి, శాఖలున్న అమైనో ఆమ్లాలను విడగొట్టే ఎంజైముకు మారుస్తుంది. అక్కడ లైసిన్‌కు అమైడ్ బంధంతో గట్టిగా కట్టుబడి, ఊగే చేయిలా పనిచేస్తుంది: ఈ1 భాగం దగ్గర థయమిన్ (బీ1 విటమిన్) పట్టుకున్న ఎసిటైల్ ముక్కను అందుకుని కోఎంజైమ్-ఎకు ఇస్తుంది. ఆ క్రమంలో రెండు గంధకాలూ హైడ్రోజన్ తీసుకుంటాయి, ఈ3 భాగంలోని ఎఫ్ఏడీ అనే సహాయక అణువు వాటిని తిరిగి ఉంగరంగా మారుస్తుంది. ఆర్సెనిక్ విషం పట్టుకునేది సరిగ్గా హైడ్రోజన్ చేరిన ఆ జంట గంధకాలనే, అంటే థయోల్‌లనే.

మింగిన గోలీ ఈ వరుసలోకి చేరి లోటు పూడుస్తుందనుకోవద్దు. లియాస్ జన్యువు పూర్తిగా తీసేసిన ఎలుక పిండాలు బతకవు. తల్లికి లిపోయిక్ యాసిడ్ తినిపించినా వాటిని కాపాడలేకపోయారు. గోలీ పని వేరే దారిలో ఉంటుంది: కణంలో హైడ్రోజన్ చేరిన డైహైడ్రోలిపోయిక్‌గా మారి ఆక్సీకరణను తగ్గించడం, కీప్1 ప్రోటీన్ మీది సిస్టీన్‌లను తాకి కణ రక్షణ జన్యువులను నడిపే ఎన్ఆర్ఎఫ్2ను లేపడం, దాంతో ఒంటి సొంత యాంటీఆక్సిడెంట్ గ్లూటాథయోన్ తయారీ పెరగడం. అంటే ఇది విటమిన్ లోటు తీర్చే వైద్యం కాదు, మందు. మందు అన్నాక మోతాదే కీలకం.

జవాబు 2: జనరల్ మెడిసిన్ డాక్టర్, వరంగల్

మోతాదు సంగతికొస్తే 1995లో వచ్చిన అలాడిన్ పరిశోధన చూడాలి. 328 మందికి మూడు వారాలు 100, 600, 1200 మి.గ్రా. రక్తనాళంలోకి ఎక్కించారు. 600, 1200 తీసుకున్నవారికి మంట, నొప్పి, తిమ్మిరి ఉత్తుత్తి మందు (ప్లాసిబో) కన్నా బాగా తగ్గాయి, 100కు ఆ తేడా రాలేదు. అదీ రక్తనాళంలోకి ఇచ్చినప్పుడు! నోటితో తీసుకుంటే రక్తానికి చేరేది సుమారు 30 శాతమే, సగం ఆయుష్షు (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) సుమారు అరగంటే. అందుకే గోలీలోని 100 మి.గ్రా.ను నమ్ముకోవద్దంటాను.

2006 నాటి సిడ్నీ 2 పరిశోధనలో 181 మందికి ఐదు వారాలు నోటితో 600, 1200, 1800 ఇచ్చారు. ఫలితం మూడింటికీ ఇంచుమించు ఒకటే, వికారం మాత్రం మోతాదుతో పాటే పెరిగింది. కాబట్టి 600 దాటడంలో అర్థం లేదు. ఇక దీర్ఘకాలం: నాథన్ 1 పరిశోధనలో 460 మందిని (కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మందు) నాలుగేళ్లు చూసినా నరాల దెబ్బను కొలిచే ప్రధాన స్కోరులో తేడా రాలేదు, పరీక్షలో కనిపించే కొన్ని లోపాలే కొంత మెరుగయ్యాయి. ఆరు నెలల తర్వాత లక్షణాలపై ప్రభావం కొద్దిగానో, అసలు లేకనో ఉండొచ్చని పరిశోధనలన్నీ కలిపి చూసే 2024 కాక్రేన్ సమీక్ష తేల్చింది. నా అభిప్రాయం: ఇస్తే రోజుకు 600, ఐదారు వారాలు చూసి గుణం లేకపోతే ఆపేయాలి. ఏళ్ల తరబడి కొనిపించడం పేదవాళ్ల జేబుకు చిల్లే. నొప్పి ఎక్కువుంటే డులోక్సెటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ అనే నరాల నొప్పి మందులకు ఆధారాలు బలంగా ఉన్నాయి.

ఇంకో మాట. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లకు బీ12 తగ్గి అవే తిమ్మిర్లు వస్తాయి. మిథైల్‌కోబాలమిన్ కలిసిన గోలీ మొదలుపెట్టాక రక్తపరీక్ష చేస్తే అసలు లోటు కనపడదు. పరీక్ష ముందు, గోలీ తర్వాత.

జవాబు 3: క్లినికల్ ఫార్మసిస్ట్, కాజీపేట

అన్నా, కౌంటర్ కాడ చెప్పాల్సినయి నేను చెప్త. అన్నంతోని ఏసుకుంటే రక్తంల తక్కువ చేరుతది. పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు, నిండు గ్లాసు నీళ్లతోని ఏసుకోవాలె. కడుపుల తిప్పుతుందంటే తిన్న రెండు గంటలకు మార్చుండ్రి. మూత్రం వాసనొస్తే గంధకం వల్లనే, భయపడొద్దని చెప్పుండ్రి.

ఎండకాలం జాగ్రత్త. లిపోయిక్ యాసిడ్‌ల ఉన్న గంధకం ఉంగరం కట్టు వేడికి, వెలుతురుకు తెగి పాలిమర్ అయితది. ఆర్ రకం (ఒంట్ల సహజంగ ఉండే రూపం) సుమారు 50 డిగ్రీలకే కరుగుతది. బండి డిక్కీల పెట్టొద్దు. అతుక్కున్న గోలీలు అమ్మొద్దు.

గ్లిమెపిరైడ్ (షుగర్ గోలీ), ఇన్సులిన్ వాడేటోళ్లను మొదటి వారాల్ల ఇంట్ల షుగర్ చూసుకొమ్మనుండ్రి. ఇన్సులిన్ ఎన్నడూ ఏసుకోనోళ్లకు సైతం అరుదుగ ఇన్సులిన్ మీద యాంటీబాడీలు పుట్టి షుగర్ పడిపోవచ్చు. హిరాటా జబ్బంటరు, కొన్ని హెచ్ఎల్ఏ (రోగనిరోధక జన్యువుల) రకాలున్నోళ్లకే ఎక్కువ. చెమటలు, వణుకు వచ్చి 70 లోపు చూపిస్తే తీపి పెట్టి, గోలీ ఆపి, డాక్టర్ కాడికి పంపుండ్రి.

మద్యం తాగే అలవాటుండి సరిగ్గ తిననోళ్లకు ముందు థయమిన్ పడాలె. గర్భిణులకు, పిల్లలకు వద్దు. పిల్లలకు అందకుండ దాచిపెట్టుమని గట్టిగ చెప్పుండ్రి, ఎక్కువ మింగితే ఫిట్సొచ్చి ప్రాణం పోయిన సంఘటనలున్నయి.

ప్రశ్న అడిగినవారు: మస్తు ఉపయోగం సార్. ఒక్కటే అనుమానం: మేక కార్జం, పాలకూర తింటే సాలదా అని అడుగుతరు.

జవాబు 1 రాసినవారు: వాటిల్లో ఉన్నది లైసిన్‌కు కట్టుబడి ఉండేదే, అదీ అతి తక్కువ. 1951లో శాస్త్రవేత్తలు రీడ్, గన్సాలస్ బృందం కొన్ని టన్నుల కాలేయపు ముడిసరుకు నుంచి తీసింది సుమారు 30 మి.గ్రా. స్ఫటికాలే. కూరగా తినమనండి, 600 మి.గ్రా.కు బదులని మాత్రం చెప్పకండి.

జవాబు 2 రాసినవారు: ఒక కాలికే తిమ్మిరి ఉన్నా, పాదం మీద పుండు ఉన్నా, వారాల్లోనే బలహీనత పైకి పాకుతున్నా గోలీ ఇవ్వకుండా అదే రోజు ఆస్పత్రికి పంపండి.