ఓకే పుట్టింది బోస్టన్ పత్రికలోనా, ఆఫ్రికా వాళ్ళ నోటనా?

పుస్తకాలపురుగు:
‘ఓకే’ అమెరికా ఆదివాసుల చోక్టా భాష నుంచి వచ్చిందని ఒక ఫార్వర్డ్ చూశాను. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ కూడా అలాగే నమ్మేవాడట. నిఘంటువులేమో బోస్టన్ అంటున్నాయి. ఏది నిజం?

పాతసంచిక:
బోస్టనేనండీ. 1839 మార్చి 23న ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’లో ఓ.కె. అని వేసి, ‘ఆల్ కరెక్ట్’ అని అర్థం కూడా ఇచ్చారు. All correctని oll korrect అని రాస్తే o.k. అవుతుంది. కావాలని తప్పు స్పెల్లింగ్ రాసి, దాని పొడి అక్షరాలు వాడటం అప్పటి పత్రికల సరదా. ‘ఆల్ రైట్’ని (oll wright) ఓ.డబ్ల్యు. అనేవాళ్ళు. అలెన్ వాకర్ రీడ్ అనే భాషా పండితుడు పాత పత్రికలన్నీ తిరగేసి 1963-64లో ఈ సంగతి బయటపెట్టారు.

ఓ.డబ్ల్యు. పోయి ఓ.కె. మిగలడానికి కారణం ఎన్నికలు. 1840లో అధ్యక్ష పదవికి మళ్ళీ నిలబడ్డ మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది కిండర్‌హుక్ అనే ఊరు. ‘ఓల్డ్ కిండర్‌హుక్’ పేరుతో ఆయన మనుషులు ఓ.కె. క్లబ్బులు పెట్టారు. ఎదుటి పక్షమేమో, ఆయన రాజకీయ గురువు, అంతకుముందు అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగ్ రాక అలా రాసేవాడని ప్రచారం చేసింది. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు గానీ ఈ గొడవతో మాట ఊరూరా పాకింది.

గోదారిగట్టు:
నేను ఒప్పుకోను. అచ్చులో మొదట కనబడిన చోటే పుట్టిన చోటు ఎలా అవుతుంది? బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా వాళ్ళ మాటల్ని ఎవరు అచ్చేశారు? పశ్చిమ ఆఫ్రికాలోని వోలోఫ్ భాషలో ‘వావ్ కే’ అంటే ‘అవును మరి’. డేవిడ్ డాల్బీ అనే పండితుడు ఎత్తిచూపిన పోలిక ఇది. పైగా మీ ‘ఆల్ కరెక్ట్’ అంటే ‘అంతా సరిగ్గా ఉంది’ అని. ‘వస్తావా?’ అంటే ‘ఓకే’ అంటామే, ఆ ‘సరే’ ఎక్కడిది?

పాతసంచిక:
వాళ్ళ మాటలు రాసిపెట్టలేదన్నది నిజం, ఘోరం కూడా. కానీ శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలపలేం. చోక్టా వాదానికీ ఇదే జవాబు. ఇక ‘సరే’ సంగతి. కాగితం సరిచూసి ఓ.కె. అని రాసేవాళ్ళు. టెలిగ్రాఫ్ గుమాస్తాలు సందేశం అందిందని ఓ.కె. కొట్టేవాళ్ళు. అందింది అనడం నుంచి ఒప్పుకున్నాను అనడం ఎంత దూరం? ‘సినిమా ఎలా ఉంది?’ అంటే ‘ఆఁ, ఓకే’ అని పెదవి విరుస్తాం. ‘ఓకే, ఉంటాను’ అని ఫోన్ పెట్టేస్తాం. వీటన్నిటికీ వేరే మూలాలు వెతకం కదా!

గోదారిగట్టు:
టెలిగ్రాఫ్ మాట బాగుంది, అర్థం మారిన తీరు వరకు ఒప్పుకుంటాను. కానీ 1839కి ముందు ఆ బానిసలు పనిచేసిన పొలాల్లో ఏం పలికారో రీడ్ తిరగేసిన పత్రికలు చెప్పలేవు. ఆ తలుపు మూసెయ్యకండి.