పాఠశాల గ్రాంటు సగానికి ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాల యాజమాన్య కమిటీలో నేను సభ్యుడిని. గతంలో 50,000 రూపాయలు వచ్చిన సమగ్ర శిక్షా గ్రాంటు ఈసారి 25,000కు తగ్గింది. కారణం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: ఆ మొత్తం యూడైస్‌లో (బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ సమాచార వ్యవస్థలో) నమోదైన విద్యార్థుల సంఖ్యను బట్టి మంజూరవుతుంది. పిల్లలు 100 దాటి 250 వరకు ఉంటే 50,000, 30 దాటి 100 వరకు ఉంటే 25,000 రూపాయలు. 104 మందిలో నలుగురు ప్రైవేటు బడికి వెళ్ళిపోయినా గ్రాంటు సగమవుతుంది, కరెంటు బిల్లు మాత్రం సగం కాదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

మరొక జవాబు: అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే కేటాయించాలి గనుక, ఫినాయిలు, చీపుర్ల రసీదులు సైతం భద్రపరచండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. హాజరుపట్టీలు తిరగేశాను, 98 మందే ఉన్నారు.