హాలోవీన్ హారర్ నైట్స్‌కి బరంపురం నుంచి సింగపూర్ వెళ్దామనుకుంటున్నాం, వెళ్లొచ్చినోళ్లు కాస్త చెప్పండి

బడాబజార్_కుర్రోడు:

అందరికీ నమస్తే, మాది బరంపురం. నాకూ మా పిన్ని కొడుక్కీ యూనివర్సల్ స్టూడియోస్ వాళ్లు తమ థీమ్ పార్కుల్లో రాత్రిపూట పెట్టే దయ్యాల ఈవెంట్, హాలోవీన్ హారర్ నైట్స్, అంటే ప్రాణం, ఓర్లాండోది హాలీవుడ్‌ది జపాన్‌ది ఏదీ వదలకుండా యూట్యూబ్‌లో చూస్తాం, ఎండాకాలం వచ్చిందంటే ఈసారి ఏ హౌస్‌లు (లోపల నడుచుకుంటూ వెళ్లే దయ్యాల ఇళ్లు) పెడతారు ఎప్పుడు బయటపెడతారు అని రోజూ ఇదే మాట. ఒక్క హౌస్ పేరు బయటికొస్తే చాలు, లోపల గదులు ఎలా కడతారు, ఏ మూల నుంచి ఎవడు దూకుతాడు అని అర్ధరాత్రి దాకా వాదించుకుంటాం. ఇన్నాళ్లూ ఫోన్‌లో చూడ్డమే. ఈ ఏడు డబ్బులు కూడబెట్టాం, అమెరికా మన వల్ల అవదు గానీ సింగపూర్ అయ్యేలాగుంది, వైజాగ్ నుంచి స్కూట్ ఫ్లైట్ ఉంది కదా, వైజాగ్‌కి ప్రశాంతో కోణార్కో ఏదో ఒకటి ఎక్కేస్తే అయిపోద్ది.

నా డౌట్లు ఏటంటే, సింగపూర్‌ది ఓర్లాండో ముందు మరీ చిన్నగా అనిపిస్తాదా? లైన్ తగ్గించే ఎక్స్‌ప్రెస్ పాస్‌కి అంత డబ్బు పెట్టడం దండగేనా? సెప్టెంబర్ చివర్లో మొదలైనప్పుడే వెళ్లాలా, హాలోవీన్ రోజు అక్టోబర్ 31కి దగ్గర్లో వెళ్తే ఊపు ఎక్కువుంటాదా? ఇంకోటి, ఇదే పెద్ద చిక్కు, మా అమ్మ మహాలయ పక్షంలో దయ్యాల చోటుకి ఎళ్లొద్దు అంటోంది, ఆ తర్వాత దసరా, దసరాకి ఇల్లు కదలకూడదంట, దీపావళి వెళ్తే కార్తీకం మొదలు. ఏ రోజు చెప్పినా ఏదో ఒకటి అడ్డం పడుతోంది. ఇంట్లో ఎలా ఒప్పించారో కూడా చెప్పండి ప్లీజ్.

పర్లాకిమిడి_సముద్రం:

తమ్ముడూ, మాది పర్లాకిమిడి, ఉద్యోగం సింగపూర్‌లో, ఈ సీజన్ వస్తే నేను ఇంటిపట్టున ఉండను. ముందు చిన్నా పెద్దా సంగతి. ఓర్లాండోలో పది హౌస్‌లు, సింగపూర్‌లో ఏడాదిని బట్టి మూడు నుంచి అయిదు, దానికి తోడు స్కేర్ జోన్లు (బయట వేషగాళ్లు తిరిగే చోట్లు), షోలు. లెక్క చూస్తే చిన్నదే. కానీ ఒకటి ఆలోచించు, పది హౌస్‌లు ఒక్క రాత్రిలో చూడాలంటే అక్కడ పరుగే, ఇక్కడైతే బాగా నచ్చిన హౌస్‌కి రెండోసారి కూడా లైన్లో నిలబడొచ్చు, రెండోసారి వెళ్లినప్పుడే ఎవడు ఎక్కడ దాక్కున్నాడో, ఏ లైటు ఎందుకు అలా వెలిగి ఆరిందో తెలుస్తుంది. ఇంకా మన ఆసియా దయ్యాలు ఇక్కడే బాగుంటాయి. 2018లో పొంటియానక్ మీద ఒక హౌస్ పెట్టారు, అది మలయా దేశపు ఆడదయ్యం, అరటిచెట్ల దగ్గర తిరుగుతుందని ఇక్కడోళ్ల నమ్మకం. మనూరిలో చింతచెట్టు కథలు విని పెరిగినోళ్లకి అలాంటిది చూస్తే గొంతు తడారిపోద్ది, ఇంగ్లీషు సినిమాల్లో రంపం పట్టుకునే వాడిని చూస్తే అంత అనిపించదు.

టికెట్ విషయం జాగ్రత్త. పొద్దున పార్క్ టికెట్ వేరు, రాత్రి ఈవెంట్ టికెట్ వేరు, ఒకటి కొంటే రెండోది రాదు. ఆ రోజుల్లో పొద్దుట వచ్చినోళ్లని సాయంత్రానికే బయటికి పంపేసి మళ్లీ ఏడు ఏడున్నర ప్రాంతంలో గేట్లు తీస్తారు. రోజుని బట్టి రేటు మారుద్ది, శుక్ర శనివారాలు, ఆఖరి వారం ఖరీదు ఎక్కువ, జనం ఎక్కువ. అందుకే అక్టోబర్ మధ్యలో ఏ గురువారమో, ఈవెంట్ ఉన్న మామూలు రోజేదో చూసుకో, గేటు తీయడానికి గంట ముందే వచ్చి నిలబడితే మొదటి రెండు హౌస్‌లు గబగబా అయిపోతాయి, అప్పుడు ఎక్స్‌ప్రెస్ అక్కర్లేదు. 31 దగ్గర్లోనే వస్తానంటే మాత్రం ఎక్స్‌ప్రెస్ కొనాల్సిందే, లేకపోతే సగం రాత్రి లైన్లోనే పోద్ది.

హార్బర్‌ఫ్రంట్ స్టేషన్ దాకా మెట్రోలో వచ్చి, వివోసిటీ మాల్ పైనుంచి సెంటోసా ఎక్స్‌ప్రెస్ మోనోరైల్ ఎక్కు, లేదంటే బోర్డ్‌వాక్ మీద నడిచి వచ్చేయొచ్చు, పది పదిహేను నిమిషాలు. తిరిగి వెళ్లేటప్పుడు మెట్రో టైం అయిపోతుంది, ట్యాక్సీ డబ్బులు పక్కన పెట్టుకో. చెమట బాగా పడుతుంది, పల్చటి కాటన్ చొక్కా, పాత బూట్లు. వాన కూడా పడొచ్చు. ఉరుములు మెరుపులు ఎక్కువైతే బయట నడిచే వేషాలు కాసేపు ఆపేస్తారు, అప్పుడు కంగారు పడకుండా హౌస్ లైన్లోకి దూరిపో.

బూడిద_రంగు_గోడ:

పర్లా అన్న చెప్పింది కరెక్టే గానీ ఓర్లాండోని తక్కువ చేయొద్దు, ఇదంతా ఎక్కడ మొదలైందో తెలిస్తే చూసే కళ్లే మారతాయి. థీమ్ పార్కుల్లో హాలోవీన్ రాత్రులకి బాట వేసింది కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫార్మ్, 1973లో. ఆ పార్కులో ఉన్న పాత కౌబాయ్ ఊరి సెట్టింగులోనే పొగ వదిలి, వేషాలేసినోళ్లని జనం మధ్యకి తోలారు. ఓర్లాండో యూనివర్సల్ వాళ్లు 1991లో మొదలెట్టారు, అప్పుడు దాని పేరు ఫ్రైట్ నైట్స్, మూడంటే మూడు రాత్రులు, ఒక్కటే హౌస్. 1992 నుంచి హాలోవీన్ హారర్ నైట్స్ అయింది. ఇప్పుడది ఆగస్టు చివర్లోనే మొదలై నవంబర్ దాకా నడుస్తుంది. సింగపూర్‌లో 2011లో వచ్చింది, కోవిడ్ వల్ల 2020, 2021 లేవు, 2022లో పదో ఎడిషన్‌తో మళ్లీ మొదలైంది.

నాకు బాగా ఇష్టం ఏంటంటే వాళ్లు సొంతంగా అల్లుకునే కథలు. జాక్ అనే జోకర్‌ని 2000లో పుట్టించారు, ఏ సినిమాలోంచీ తెచ్చుకున్నది కాదు, ఇన్నేళ్లయినా వాడు మళ్లీ వస్తున్నాడంటే చాలు ఫ్యాన్స్ ఊగిపోతారు. సినిమా పేరు పెట్టిన హౌస్‌కి జనం వస్తారు, నిజమే, కానీ అక్కడ ఏ సీను వస్తుందో ముందే తెలుసు కదా. సొంత కథ హౌస్‌లో తలుపు అవతల ఏముందో నీకు తెలీదు, నీ ముందున్నోడికీ తెలీదు. ప్రకటనలు వచ్చినప్పుడు పెద్ద సినిమా పేరు లేదే అని చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు, నేనైతే ఆ పేరులేని హౌస్‌కే ముందు వెళ్తాను.

ఓర్లాండో ఫ్యాన్స్ కంపెనీ వాళ్లు నోరు విప్పకముందే ఊహల మ్యాప్ వేసుకుంటారు, ఏ టెంటులో ఏ హౌస్, ఏ వీధిలో ఏ స్కేర్ జోన్ అని. బడాబజార్ తమ్ముడూ, మీరిద్దరూ సింగపూర్‌ది అలా ఒకటి గీసి ఇక్కడ పెట్టండి, అందరం కలిసి నింపుదాం.

పులివేషం_వాళ్లింట్లో:

నేను ఈ అమెరికా సింగపూర్ ఏదీ చూళ్లేదు, కానీ మీరు పంపే వీడియోలు చూస్తాను, చూసిన ప్రతిసారీ నాకు మన ఠాకురాణీ యాత్రే గుర్తొస్తుంది. బరంపురం వాళ్లకి చెప్పక్కర్లేదు, తెలీనోళ్ల కోసం రాస్తున్నాను, రెండేళ్లకోసారి చైత్రంలో బుడ్డీ ఠాకురాణీ అమ్మవారు దేశిబెహెరా వీధిలో పుట్టింటికొస్తుంది, ఆ రోజుల్లో మొక్కుకున్నోళ్లు వేషం కడతారు, పులి, రావణుడు, శివుడు, ఏ మొక్కు ఉంటే ఆ వేషం. మొన్న 2025లో జరిగింది. మా ఇంట్లో పులివేషం మొక్కు.

మీరు హౌస్‌లు, లైట్లు అంటారు గానీ నేను చూసేది ఆ వేషగాడి కాళ్లు. పసుపు రంగు ఒంటికి పూశాక ఆరేదాకా చేతులు చాపి నిలబడాలి, ఆరాక చర్మం బిగుసుకుపోతుంది, మోచెయ్యి వంచితే రంగు చిట్లుతుంది, దాని మీద నల్లచారలు. అప్పుడు డోలు మొదలవుతుంది. పులి ఊరికే గెంతదు. డోలు తగ్గినప్పుడు పులి ఆగుతుంది, నేల వాసన చూస్తుంది, జనంలో ఒకణ్ణే చూస్తుంది, వాడు పక్కకి చూసిన క్షణంలో రెండోవైపు ఉన్నోడి మీదకి దూకుతుంది. యూనివర్సల్ వీడియోల్లో సరిగ్గా అదే చూశాను, ఒకడు ఎదురుగా నిలబడి నీ కళ్లు లాగుతాడు, నిజంగా భయపెట్టేవాడు నీ చెవి పక్కన తెరలోంచి వస్తాడు. ఆ వేషగాళ్లు రాత్రంతా అదే ఒక్క దూకుడు మళ్లీ మళ్లీ దూకాలి, ప్రతి మనిషికీ మొదటిసారిలాగే ఉండాలి, అందుకే ఓర్లాండోలో ఒక్కో చోటుకి ఇద్దరు ముగ్గురిని పెట్టి మార్చుకుంటూ నడుపుతారంట. ఎంత ఒళ్లు హూనమవుతుందో నాకు తెలుసు కాబట్టి వాళ్లంటే నాకు గౌరవం.

అందుకే తేదీ దగ్గర పర్లా అన్నతో నాకు కుదరదు. జనం పలచగా ఉన్నప్పుడు వెళ్లడం కాదు, వేషగాడికి తన మూల, తన టైమింగ్ ఒంటబట్టాక వెళ్లాలి, అంటే ఆఖరి రోజులే. యాత్రలో కూడా మొదటి రోజు వేషానికీ చివరి రోజు వేషానికీ పోలికే ఉండదు.

గుణుపూర్_గుమ్మం:

మా ఊళ్లో ఎగ్జిబిషన్ వచ్చినప్పుడు భూత్ బంగ్లాలో గాజులోంచి దయ్యం కనిపించి మాయమైపోయేది, పెద్ద పార్కుల్లో కూడా అదే టెక్నిక్కా లేక హోలోగ్రామా? ఎవరైనా తెలిస్తే చెప్పండి, నేను రేపు కాలేజీలో ఒక ప్రాజెక్టు చేద్దాం అనుకుంటున్నాను.

బూడిద_రంగు_గోడ:

గుణుపూర్, హోలోగ్రామ్ కాదు, దాన్ని పెప్పర్స్ ఘోస్ట్ అంటారు, లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ అనే ఆయన 1862లో స్టేజీ మీద చూపించి పేరు తెచ్చాడు. రాత్రి బస్సులో లోపల లైటు వేస్తే కిటికీ గాజులో మన మొహం చీకట్లో తేలుతున్నట్టు కనపడదా, అదే. ఒక పెద్ద గాజు పలక ఏటవాలుగా నిలబెడతారు, చూసేవాళ్లకి గాజు ఉన్నట్టే తెలీకూడదు, పక్కనో కిందో దాచిన గదిలో నల్లగుడ్డ ముందు మనిషో బొమ్మో ఉంటుంది, ఆ గదిలో లైటు పెంచితే దయ్యం వస్తుంది, తగ్గిస్తే కరిగిపోతుంది. డిస్నీల్యాండ్‌లో 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్‌లో డ్యాన్సు చేసే దయ్యాల హాలు మొత్తం ఇదే పద్ధతి. ప్రాజెక్టుకి అక్రిలిక్ షీటు 45 డిగ్రీలకి పెట్టు, డబ్బా లోపల అంతా నలుపు పూయి, షీటు మీద వేలిముద్ర ఒక్కటి ఉన్నా గుట్టు బయటపడిపోతుంది, మెత్తటి గుడ్డతో తుడువు.

రాయగడ_అక్క:

బాబూ, అమ్మ సంగతి నేను చెప్తాను, మిగతావన్నీ వాళ్లు చెప్పేశారు. అమ్మని వాదనతో గెలుద్దామని చూడకు. మహాలయ పక్షం పెద్దల రోజులు, ఆ పదిహేను రోజులూ వదిలెయ్, అది ఆవిడ మనసు. దసరాకి ఇంట్లో ఉండు. దసరా అయ్యాక దీపావళికి ముందు మధ్యలో రోజులు ఉంటాయి కదా, అవి అడుగు, ఏ అమ్మా కాదనదు.

ఇంకోటి కూడా చెప్పు. హాలోవీన్ కూడా పెద్దల కోసం పుట్టిన రాత్రే, ఐర్లాండ్ వైపు పాతకాలంలో సావిన్ అని పంటలయ్యాక చేసుకునేవారు, ఆ రాత్రి చనిపోయినోళ్లు ఇంటిదాకా వస్తారని నమ్మేవారు, తర్వాత క్రైస్తవంలో నవంబర్ 1 పుణ్యాత్ముల పండగ వచ్చాక దానికి ముందురోజు రాత్రి హాలోవీన్ అయింది. మన ఒడిషాలో దీపావళి సాయంత్రం ఇంటి ముందు కౌంరియా పుల్లలు వెలిగించి పెద్దల్ని పిలుస్తాం కదా, చీకట్లో రండి వెలుగులో వెళ్లండి అని. మా అత్తగారికి ఇలాగే చెప్పాను, ఆవిడ అంతా విని, అయితే వాళ్లు కూడా దీపం పెడతారా అని అడిగారు, గుమ్మడికాయలో పెడతారండీ అన్నాను, అంతే, ఇంకేం అనలేదు.

ఆరోగ్యం మాత్రం చూసుకోండి. గుండెజబ్బు, ఫిట్స్, కడుపుతో ఉన్నోళ్లు లోపలికి వెళ్లకూడదు, లోపల లైట్లు టపటపా కొడుతూనే ఉంటాయి, పొగ ఉంటుంది. మా ఆయనకి బీపీ, హౌస్‌లు మానేసి బయట స్కేర్ జోన్‌లో తిరిగారు, అదే చాలన్నారు.

బడాబజార్_కుర్రోడు:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఒక్కొక్కటీ రెండేసి సార్లు చదివాను. అక్కా, మీరు చెప్పినట్టే దసరాకీ దీపావళికీ మధ్య అని అడిగాను, అమ్మ ఇంకా సరే అనలేదు గానీ పాస్‌పోర్టులు ఎక్కడున్నాయిరా అని అడిగింది! పులివేషం అన్నా, మీది దేశిబెహెరా వీధి దగ్గరేనా, మేం ఒకసారి వచ్చి కలుస్తాం, వేషగాడి కాళ్లు చూడాలన్న మాట మా తమ్ముడికి చదివి వినిపించాను, వాడు అప్పట్నుంచీ పాత వీడియోలన్నీ మళ్లీ తిప్పి తిప్పి చూస్తున్నాడు. తేదీ దగ్గర మాత్రం మీకూ పర్లా అన్నకీ మధ్యలో నలిగిపోతున్నాం, నాకు మామూలు రోజు వెళ్లి బూడిద అన్న చెప్పిన సొంత కథ హౌస్‌కి రెండోసారి వెళ్లాలనుంది, తమ్ముడికి ఆఖరి రోజులే కావాలంట. ఊహల మ్యాప్ ఈ ఆదివారం పెడతాం. హౌస్‌లో వేషగాళ్లు మనల్ని ముట్టుకుంటారా? మనం కూడా మొహానికి రంగేసుకుని వెళ్లొచ్చా?

పర్లాకిమిడి_సముద్రం:

ముట్టుకోరు, నువ్వూ ముట్టుకోకూడదు, భయంతో చెయ్యి విసిరేయకుండా జేబులో పెట్టుకుని నడు. వేషాలు, మాస్కులు వేసుకుని వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు, మామూలుగా రండి. హౌస్ లోపల ఫోన్ తీయొద్దు, ఆ వెలుతురు పడితే నీ వెనకొచ్చేవాళ్లకి మొత్తం పాడైపోద్ది. వీసా మామూలుగా ఏజెంట్ ద్వారా పెడతారు, కాబట్టి నెల ముందే చూసుకోండి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు ఉందో లేదో ఈరోజే చూడండి. ఫ్లైట్‌కి మూడు రోజుల లోపు అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఫ్రీ, ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. ఈ ఏడు తేదీలు బయటికి రాగానే ఇక్కడే పెడతాను, మీ అమ్మగారు సరే అన్నారో లేదో అప్పటికి చెప్పండి.