పాత గోల్ఫ్ కార్ట్‌తో ట్రాక్ దగ్గర రేస్ కారు లాగించాలి – ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి?

పాతబండి_మోజు:

అందరికీ నమస్కారం. నా చేతికి ఒక పాత క్లబ్ కార్ డీఎస్ గోల్ఫ్ కార్ట్ వచ్చింది. కరెంటు బండి, 36 వోల్టులు, సీటు కింద ఆరు 6 వోల్టుల బ్యాటరీలు. సీటు చిరిగిపోయింది, బాడీ నిండా గీతలే, అయినా నడుస్తుంది. గోల్ఫ్ ఆడే ఉద్దేశం ఏమీ లేదు. ట్రాక్ డేలకి (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడుపుకునే రోజులు) మా సింగిల్ సీటర్ రేస్ కారు తీసుకెళ్తుంటాం, డ్రైవర్‌తో కలిపి 650 కిలోలు ఉంటుంది. ప్యాడక్ (కార్లు నిలిపి సిద్ధం చేసుకునే చోటు) నుంచి ట్రాక్ పక్కన ఉండే పిట్ దాకా దాన్ని ముగ్గురం తోసుకుంటూ వెళ్లేసరికి సగం ఓపిక అక్కడే అయిపోతోంది, పైగా మధ్యలో ఒక ఎత్తు కూడా ఉంది. అందుకని ఈ బండికి వెనకాల హిచ్ (లాగడానికి తగిలించే కొక్కెం) పెట్టి కారు లాగించాలి, టైర్లూ పనిముట్లూ మోయించాలి అని ఆలోచన.

నా ప్లాన్ ఇదీ: బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ వేసి 22 అంగుళాల టైర్లు, డిఫరెన్షియల్‌లో (వెనక ఇరుసు గేరు పెట్టె) స్పీడ్ గేర్లు, 36 నుంచి 48 వోల్టులకి మార్పు. హిచ్ వెనక బంపర్‌కి బిగిస్తా. ఒక అనుమానం కూడా ఉంది. పెడల్ నొక్కితే బండి మెట్లు మెట్లుగా, కుదుపులతో కదులుతోంది. కాసేపు మెల్లగా నడిపితే సీటు కింద నుంచి వేడి వాసన. ఇది మామూలేనా?

గ్రీజు_చేతులు:

అన్నా, ఏమీ అనుకోకు, నీ ప్లాన్‌లో సగం లాగడానికి, సగం లాగకుండా ఉండటానికి ఉంది. ఇప్పుడున్న టైరు ఎత్తు 18 అంగుళాలు అయి ఉంటుంది. 22 వేశావంటే గేరు మార్చకుండానే లాగే బలంలో దాదాపు ఐదో వంతు పోయినట్టే. దానిమీద స్పీడ్ గేర్లు. డీఎస్ కరెంటు బండిలో డిఫరెన్షియల్ సుమారు 12కి 1 (మోటారు 12 సార్లు తిరిగితే చక్రం ఒకసారి) ఉంటుంది, దాన్ని 8కి 1 చేస్తే మిగిలిన బలంలో మళ్లీ మూడో వంతు కోత. ప్యాడక్‌లో మనిషి నడిచే వేగం కన్నా కాస్త ఎక్కువ చాలు, ఎవర్ని ఓడించాలని ఈ స్పీడు? లిఫ్ట్ అసలే వద్దు. బండి ఎత్తయ్యే కొద్దీ మలుపులో పల్టీ కొట్టే అవకాశం పెరుగుతుంది. నువ్వు పోయేది తారు మీద, పొలం గట్ల మీద కాదు కదా.

హిచ్ సంగతి. బంపర్‌కి బిగించొద్దు, అది చిన్న దెబ్బలు కాయడానికే. డీఎస్ ఛాసిస్ (అడుగు చట్రం) అల్యూమినియం, ఇనుములా తుప్పు పట్టదు కాబట్టి పాత బండి అయినా గట్టిగానే ఉంటుంది, కానీ సన్న వాషర్ వేసి బోల్టు బిగిస్తే రంధ్రం దగ్గర మెల్లగా సాగిపోతుంది. రెండు పొడవు బీములనీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనుప చట్రం చేయించి, బీముకి అటూ ఇటూ వెడల్పు ప్లేట్లు పెట్టి బిగించు. ఇనుమూ అల్యూమినియమూ నేరుగా తగిలే చోట తడి చేరితే అల్యూమినియం మెల్లగా తినుకుపోతుంది, మధ్యలో రబ్బరు షీటో మందంగా పెయింటో ఉండాలి.

వోల్టు_బాబాయ్:

మెట్లు మెట్లుగా కుదుపు, వేడి వాసన అన్నావు కదా, దాన్ని బట్టి నీది కంట్రోలర్ (మోటారుకి పోయే కరెంటుని సాఫీగా పెంచి తగ్గించే ఎలక్ట్రానిక్ పెట్టె) లేని పాత రెసిస్టర్ బండి. సీటు ఎత్తి చూడు, హీటర్ స్ప్రింగుల్లాంటి కాయిల్స్ కనిపిస్తాయి. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడే బ్యాటరీ కరెంటు మొత్తం మోటారుకి పోతుంది, అంతకు తక్కువ నొక్కితే మిగతాది ఆ కాయిల్స్‌లో వేడిగా తగలబడుతుంది. గోల్ఫ్ ఆడేవాళ్లకి ఇది పెద్ద బాధ కాదు, వాళ్లు ఎక్కువసేపు పెడల్ పూర్తిగానే తొక్కుతారు. నువ్వు చేయబోయేది దానికి పూర్తిగా ఉల్టా, బరువు తగిలించి మెల్లగా, అదీ ఎత్తు మీద. కాయిల్స్ ఎర్రబడతాయి, దగ్గర్లో ఉన్న వైర్ల తొడుగు కరుగుతుంది. నన్నడిగితే డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు అదే. టైర్ల డబ్బు తీసి సిరీస్ మోటారుకి (నీ బండిలో ఉన్న రకం) సరిపోయే ఒక కంట్రోలర్‌కి పెట్టు, 400 ఆంప్స్‌ది చాలు. దాంతోపాటు సాలినాయిడ్ (బ్యాటరీ కరెంటుని మోటారుకి కలిపే స్విచ్) కూడా పెద్దది వెయ్యి, బ్యాటరీ కేబుళ్లు పాత 6 గేజ్ అయితే తీసేసి 2 గేజ్ (గేజ్ అంకె తగ్గితే వైరు లావు) వెయ్యి.

ముందుకీ వెనక్కీ మార్చే లివర్ స్విచ్ ఉందే, దాని రాగి కాంటాక్టులు కూడా చూడు. మోటారు కరెంటంతా అందులోంచే పోతుంది. నల్లబడి ఉంటే కొత్త కంట్రోలర్ వేసిన వారంలోనే అది కరిగి ముద్దవుతుంది, నేను కళ్లారా చూశా.

లాగడానికి 36 వోల్టులు చాలవా అంటే, లెక్క వేద్దాం. సమతలం తారు మీద 650 కిలోల కారుని కదిలిస్తూ ఉంచడానికి 10 కిలోల బలం చాలు. అదే 8 శాతం ఎత్తు మీద కారుకి ఇంకో 52 కిలోలు, మీ ఇద్దరితో కలిపి 600 కిలోలుండే కార్ట్‌కి మరో 48. అన్నీ కలిపితే 120 కిలోల లోపే. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే 36 వోల్టుల దగ్గర సుమారు 100 ఆంప్స్. మంచి బ్యాటరీలుంటే ఇదో లెక్కే కాదు. 48కి మారితే స్పీడు మూడో వంతు పెరుగుతుంది, దానికోసం ఛార్జరూ సాలినాయిడూ అన్నీ మార్చాలి. నీ పనికి అవసరం లేదు.

పెట్రోల్_ప్రేమికుడు:

ఇన్ని తిప్పలెందుకు బ్రో, ఇది అమ్మేసి పెట్రోల్ కార్ట్ తెచ్చుకో.

గ్రీజు_చేతులు:

పెట్రోల్ కార్ట్‌లో బెల్టు మీద నడిచే క్లచ్ ఉంటుంది తమ్ముడూ. బరువుతో ఎత్తు మీద మెల్లగా కదిలిస్తే బెల్టు జారి కాలుతుంది, ఆ వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేవు. ఆగి ఉన్న చోటు నుంచి లాగడంలో సిరీస్ మోటారుకి సాటి లేదు. రోజంతా తిరిగే పనైతే పెట్రోలే మేలు, అది ఒప్పుకుంటా.

పిట్‌లేన్_పాతకాపు:

అందరూ లాగడం గురించే మాట్లాడుతున్నారు. ఆపడం ఎవరూ అడగట్లేదేంటి? ఈ కార్ట్‌లకి బ్రేకులు వెనక చక్రాలకే, అవీ కేబుల్‌తో లాగే డ్రమ్ములు. అవి చేసింది ఇద్దరు మనుషులకీ రెండు గోల్ఫ్ సంచులకీ. ఆ ఎత్తు ఎక్కడమే కాదు, తిరిగి దిగాలి కూడా. 600 కిలోల బండి వెనక 650 కిలోలు నెడుతుంటే ఏమవుతుందో నాకు తెలుసు. వాన పడి ఆగిన ఒక సాయంత్రం టో బార్‌తో (లాగడానికి తగిలించే కడ్డీ) కారుని కిందికి తెస్తున్నా, కారులో ఎవరూ లేరు. బ్రేక్ తొక్కగానే వెనక చక్రాలు లాక్ అయ్యాయి, కారు నెట్టిన నెట్టుకి కార్ట్ తోక పక్కకి తిరిగిపోయి టైర్ల గోడకి ఆనుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కారు ముక్కు మాత్రం పగిలింది. దాన్ని చేసింది నేనే కాబట్టి తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు.

అప్పటి నుంచి కారులో మనిషి లేకుండా లాగను. పట్టీతో లాగినా బార్‌తో లాగినా కారులో కూర్చున్నవాడు బ్రేక్ మీద కాలు పెట్టుకునే ఉండాలి, దిగేటప్పుడు ఆపే పని అతనిదే. పట్టీ అయితే అది ఎప్పుడూ బిగువుగా ఉండేలా చూడాల్సింది కూడా అతనే. ఇంజిన్ ఆఫ్‌లో ఉంటే బ్రేకు బూస్టర్ (ఇంజిన్ సాయంతో పెడల్‌ని తేలిక చేసేది) ఉన్న కార్లలో బ్రేక్ పెడల్ రాయిలా ఉంటుంది, ముందే చెప్పి కూర్చోబెట్టండి. నీ బండిలో రెసిస్టర్లయినా కొత్త కంట్రోలరయినా మోటారు సిరీస్ రకమే, అది దిగుడులో నిన్ను పట్టి ఉంచదు. పెడల్ వదిలితే బండి అలా జారుతూ పోతుంది. అందుకే మోటారు కన్నా ముందు డ్రమ్ములు విప్పి లైనింగు, కేబుళ్లు చూడు, సాగిన కేబుల్ ఉంటే రెండు వైపులా మార్చు.

ఇంకోటి, ఆ ట్రాక్ వాళ్ల రూల్స్ అడుగు. ప్యాడక్‌లో ఏ బండి తిరగొచ్చు, ఎవరు నడపొచ్చు, ఎంత వేగం అనేది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

వోల్టు_బాబాయ్:

పాతకాపు చెప్పింది నిజం, నేను కరెంటు మత్తులో పడి మర్చిపోయా. ఒక్క మాట కలుపుతా: లైట్లకీ గాలి పంపుకీ 12 వోల్టులు కావాలని రెండు బ్యాటరీల మీద నుంచి వైరు తియ్యకండి. ఆ రెండే ముందు ఖాళీ అయి, మిగతా నాలుగూ ఫుల్‌గా ఉన్నా మొత్తం ప్యాక్ చచ్చిపోతుంది. 36 నుంచి 12కి కన్వర్టర్ పెట్టుకోండి.

పాతబండి_మోజు:

అందరికీ థాంక్స్. లిఫ్టు, స్పీడ్ గేర్లు, 48 వోల్టులు మూడూ కొట్టేశా. సీటు ఎత్తి చూస్తే బాబాయ్ చెప్పినట్టే కాయిల్స్ ఉన్నాయి, ఒకదాని పక్కన వైరు తొడుగు అప్పుడే గోధుమ రంగుకి తిరిగింది. డ్రమ్ములు విప్పితే ఎడమ వైపు లైనింగు మీద గ్రీజు. అంటే ఇన్నాళ్లూ ఒక్క చక్రం బ్రేకు మీదే తిరిగానన్నమాట! సీల్ మార్చి రెండు వైపులా కొత్త షూలు వేస్తున్నా.

బ్యాటరీలు కూడా చూశా. ఊరికే ఉన్నప్పుడు ఆరూ 6.3 వోల్టుల పైనే చూపిస్తున్నాయి, అదే ఎత్తు ఎక్కుతూ కొలిస్తే ఐదు 5.8 దగ్గర నిలబడ్డాయి, ఒకటి మాత్రం 4.6కి పడిపోయింది. ఆ ఒక్కటీ మారిస్తే సరిపోతుందా?

వోల్టు_బాబాయ్:

మిగతా ఐదూ ఎంత పాతవి? ఏడాది లోపువైతే ఒక్కటి మార్చినా నడుస్తుంది. నాలుగైదేళ్లవైతే వాటి మధ్య కొత్తది పెట్టొద్దు, పాతవాటి కోసం ఛార్జర్ ఎక్కువసేపు తిరిగి కొత్తదాన్ని ఉడకబెట్టేస్తుంది. అలాంటప్పుడు అదే వయసున్న వాడిన బ్యాటరీ ఒకటి చూసుకుని ఈ సీజన్ గడిపెయ్యి, తర్వాత ఆరూ ఒకేసారి మార్చు. అంతకన్నా ముందు ఆ చెడ్డదాని మూతలు తీసి నీళ్లు చూడు. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే అవి మునిగేదాకా మాత్రమే డిస్టిల్డ్ వాటర్ పోసి, పూర్తిగా ఛార్జ్ చేసి, మిగతా నీళ్లు ఆ తర్వాత నింపి, మూడు గదులూ హైడ్రోమీటర్‌తో (యాసిడ్ చిక్కదనం చూపే సాధనం) కొలువు. ఒక గది మిగతా రెండింటికన్నా బాగా తక్కువ చూపిస్తే ఇక దాని మీద ఆశ వదిలెయ్. ఛార్జింగ్ తలుపులు తీసి ఉన్న చోటే, దగ్గర్లో గ్రైండరు కూడా నడపొద్దు, ఛార్జ్ అవుతుంటే హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.