ఆల్బమ్‌లో నాణేలకు ఆకుపచ్చ జిగురు: చెన్నైలో మీరు ఏ హోల్డర్లు వాడుతున్నారు?

తాతగారి పెట్టె:
అందరికీ నమస్కారం. మాది వరంగల్. ఉద్యోగం కోసం చెన్నై వచ్చి నాలుగేళ్లయింది. తాతయ్య పోయాక ఆయన దాచుకున్న నాణేలు నా చేతికి వచ్చాయి. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలు, జార్జి రాజు వెండి రూపాయలు, చిల్లు కాణీలు, అల్యూమినియం పైసలు, అన్నీ కలిపి రెండొందల పైచిలుకు. ఇక్కడికి రాగానే ఒక స్టేషనరీ షాపులో మెత్తటి జేబులున్న ఆల్బమ్ కొని సర్దేశాను. నిన్న తీస్తే 1975 రూపాయి జేబుకు అతుక్కుపోయి ఉంది. మెల్లగా లేపితే కింద ఆకుపచ్చటి జిగురు. కాణీల మీద ఇంకా ఎక్కువ. రాత్రి నిద్ర పట్టలేదు. ఏం చేయాలో చెప్పండి.

చిల్లుకాణీ:
పేజీ దగ్గర ముక్కు పెట్టి చూడండి. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే అది పీవీసీ అనే ప్లాస్టిక్. ఏ ఆల్బమ్ కొనాలన్నది తర్వాత, ముందు ఈ రోజే నాణేలన్నీ బయటికి తీసేయండి. పీవీసీ మెత్తగా ఉండాలని కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా పైకి ఊరుతుంది. పాతబడేకొద్దీ ఆ ప్లాస్టిక్ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా వస్తుంది. అది రాగిని తింటుంది. మీరు చూసిన ఆకుపచ్చ అదే. కాణీ కంచుది, ఆ రూపాయిలో రాగీ నికెలూ ఉన్నాయి, అందుకే ముందు వాటికి పట్టింది. వేడి, తేమ ఎక్కువగా ఉండే మన ఊళ్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

వాసన లేనంత మాత్రాన నమ్మకండి. పేజీ అంచున గోరంత ముక్క కత్తిరించి నీళ్లలో వేలితో ముంచి వదలండి. పైకి తేలితే పాలీప్రొపిలీనో పాలిథీనో, భయం లేదు. మునిగితే పీవీసీ కావచ్చు, మైలార్ అనే పలుచటి పాలియెస్టర్ పొర కూడా కావచ్చు. మైలార్ మంచిదే. అది తేల్చుకోవాలంటే రాగి తీగ కొనను గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చి, ఆ ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే పీవీసీ. ఆ పొగ మంచిది కాదు, బాల్కనీలో చేయండి. తీగను పట్టకారుతో పట్టుకోండి.

వేళచ్చేరి వాసి:
నాది వేరే అనుభవం. 2015 డిసెంబర్ వరదల్లో మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. నాణేలు బీరువా కింది అరలో ఉన్నాయి. అన్నీ అట్ట హోల్డర్లే, రెండంగుళాల చదరంవి, మధ్యలో మైలార్ కిటికీ ఉండేవి. నీళ్లు తీశాక చూస్తే అట్ట ఉబ్బిపోయింది, స్టేప్లర్ పిన్నులు తుప్పు పట్టి ఆ ఎరుపు కిటికీ అంచు దాకా పాకింది. ఒక వెండి రూపాయి మీద ఆ మరక ఈనాటికీ ఉంది. అప్పటి నుంచి నాణేలు పై అరలోనే, రబ్బరు అంచున్న గట్టి డబ్బాలోనే. ఆ హోల్డర్లను మాత్రం వదల్లేదు. వాటి మీద సంవత్సరం, టంకశాల గుర్తు, ఎక్కడ దొరికింది అన్నీ రాసుకోవచ్చు. పిన్ను కొట్టాక కటింగ్ ప్లేయర్‌తో కాళ్లు పూర్తిగా నొక్కేయండి. లేదంటే పక్క నాణెం కిటికీని గీరుతుంది. విప్పేటప్పుడు పిన్ను లాగొద్దు, అట్టను కత్తిరించండి.

చిల్లుకాణీ:
పిన్ను బాధ లేకుండా జిగురుతో అతుక్కునే అట్టలు కూడా ఉన్నాయి కదండీ.

వేళచ్చేరి వాసి:
వాడి చూశాను. రెండు ఎండాకాలాలకే జిగురు కరిగి పక్కలకు వచ్చింది. అందరికీ అలా అవుతుందని అనను గానీ, నేను మాత్రం పిన్నుకే ఓటు.

పాత టంకశాల వీధి:
షావుకారుపేట మింట్ స్ట్రీట్ పక్కనే పుట్టి పెరిగాను, నలభై ఏళ్లుగా నాణేలు పోగేస్తున్నాను. బాబూ, నీ దగ్గర ఉన్న అన్నింటికీ ఒకే రకం హోల్డర్ సరిపోదు. వెండి రూపాయలకు గట్టి కాప్సూల్, అంటే నాణేన్ని లోపల పెట్టి మూసే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ వాడు. సైజు ఉజ్జాయింపుగా కొనకు, వెర్నియర్ కాలిపర్‌తో కొలువు. 1975 రూపాయి 28 మిల్లీమీటర్లు, జార్జి రాజు రూపాయి 30 దాటుతుంది. వదులైతే లోపల కదిలి అంచు అరుగుతుంది. చదరపు ఐదు పైసలు, అంచులు వంపులు తిరిగిన పది పైసలు గుండ్రటి కాప్సూల్‌లో నిలవవు. వాటికి అట్ట హోల్డరే మేలు. అట్టలను పాలీప్రొపిలీన్ పేజీల్లో దోపుకుంటే ఆల్బమ్ తిప్పి చూసే సరదా ఎక్కడికీ పోదు.

బీరువాలో కలరా ఉండలు వేసే అలవాటుంటే నాణేల అరలో మానేయండి. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను పాడుచేస్తుంది. వాటి బదులు సిలికా జెల్ పెట్టండి, రంగు మారినప్పుడు వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. చింతపండు మాట ఎవరైనా ఎత్తితే ఒప్పుకోకండి. మా అమ్మ ఒక దీపావళికి నా దగ్గరున్న ఈస్టిండియా కంపెనీ కాలం నాటి రాగి నాణేలను దేవుడి సామాన్లతో పాటు తోమి పెట్టింది. తళతళలాడాయి. వందేళ్ల పైబడిన గోధుమరంగు పొర మొత్తం పోయింది. ప్రేమతో చేసింది, ఏమనగలను?

చిల్లుకాణీ:
జిగురు పోవాలంటే స్వచ్ఛమైన అసిటోన్ వాడండి. రంగూ వాసనా కలిపిన నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు. గాజు గిన్నెలో కొంచెంసేపు నానబెట్టి, తీసి, మళ్లీ కొత్తది పోసి ముంచండి. రుద్దొద్దు. మంట దగ్గర అస్సలు వద్దు, కిటికీలు తీసి ఉంచండి.

తాతగారి పెట్టె:
అందరికీ చాలా థాంక్స్. ముక్క మునిగింది, తీగ పెడితే మంట ఆకుపచ్చగా వచ్చింది. అదే రాత్రి అన్నీ తీసేశాను. అసిటోన్‌లో కాణీల జిగురు పోయింది. రెండింటి మీద మాత్రం చిన్న గుంటలు పడ్డాయి, అవి ఇక పోవట. నిజాం రూపాయలు బాగానే ఉన్నాయి. ఆల్బమ్‌లో చోటు చాలక వాటిని తాతయ్య చుట్టిన కాగితాల్లోనే వదిలేశాను. ఆ కాగితాల మీద ఆయన చేతిరాత ఉంది, "హన్మకొండ, కొమరయ్య సంత" అని. వాటిని ఏం చేయమంటారు?

పాత టంకశాల వీధి:
పాత కాగితంలో గంధకం ఉండొచ్చు, దానితో వెండి నల్లబడుతుంది. రూపాయిని కాప్సూల్‌లో పెట్టు. కాగితాన్ని మడతలు విప్పి, అదే పేజీలో పక్క జేబులో విడిగా దాచు. రెండూ ఎదురెదురుగా కనిపించాలి.